వాటర్ ఇంజెక్షన్: టర్బో కారుకు ఎప్పుడు పనికొస్తుంది, టర్బో లేని కారుకు ఎప్పుడు దండగ

వాటర్ ఇంజెక్షన్ అంటే ఇంజన్‌లోకి వెళ్లే గాలిలో సన్నగా నీళ్లు చల్లడం. ఆ కిట్ కొనే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. మీ ఇంజన్ ఇంకాస్త పవర్ ఇవ్వకుండా దాన్ని ఆపుతున్నది ఏమిటి? వేడి, నాకింగ్ (ఇంధన మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే అంటుకోవడం) ఆపుతుంటే నీళ్లు పనికొస్తాయి. లోపలికి వెళ్లే గాలి చాలక ఆగిపోతుంటే నీళ్లతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. టర్బో (గాలిని కుదించి ఇంజన్‌లోకి నెట్టే పరికరం) ఉన్న ఇంజన్లలో ఎక్కువగా కనిపించేది మొదటి సమస్య, టర్బో లేని ఇంజన్లలో రెండోది. అందుకే ఒకే కిట్ ఒక కారులో అద్భుతంగా పనిచేసి, పక్క కారులో పవర్ తగ్గించే అవకాశం ఉంది.

టర్బో గానీ సూపర్‌చార్జర్ గానీ లేకుండా, గాలిని తనంతట తనే పీల్చుకునే ఇంజన్‌ను ఇక్కడ ఎన్ఏ ఇంజన్ అంటున్నాను.

నీళ్లు లోపల చేసే పని

నీళ్లలో ఇంధనం లేదు. మైలేజీ పెంచే "నీటి కిట్లు" అమ్మేవాళ్లు ఏం చెప్పినా, నీళ్లు కాలవు, శక్తినివ్వవు. వాటి బలమంతా ఆవిరయ్యేటప్పుడు లాక్కునే వేడిలో ఉంది. కిలో నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 2,260 కిలోజౌళ్ల వేడి కావాలి. మిథనాల్‌కు అందులో సగం, దాదాపు 1,100 చాలు. పెట్రోల్‌కైతే 350 దరిదాపుల్లోనే సరిపోతుంది. అంటే ఇంజన్‌ను చల్లబరచడానికి అదనంగా పెట్రోల్ పోయడం కంటే నీళ్లు పోయడం చాలా రెట్లు సమర్థమైన పద్ధతి. నిజానికి చాలా టర్బో కార్లు ఫుల్ థ్రాటిల్‌లో చేసేది ఆ మొదటి పనే. అవసరానికి మించి పెట్రోల్ చల్లి, దాంతో పిస్టన్లను, ఎగ్జాస్ట్ వాల్వులను, టర్బోను కాపాడుకుంటాయి.

చల్లబడితే నాకింగ్ తగ్గుతుంది. స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలైన మంట ఇంకా చేరకముందే, సిలిండర్ మూలల్లో మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తాను ఒక్కసారిగా అంటుకోవడమే నాకింగ్. అది ఎక్కువైతే పిస్టన్ రింగుల మధ్య గట్లు విరుగుతాయి. దాన్ని తప్పించుకోవడానికి ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, పవర్ పడిపోతుంది. నీళ్లు ఆ అంచును కాస్త దూరం జరుపుతాయి. అలా దొరికిన చోటును టైమింగ్ పెంచడానికో (స్పార్క్‌ను ముందుకు జరపడానికో), బూస్ట్ (టర్బో గాలిని నెట్టే ఒత్తిడి) పెంచడానికో వాడుకుంటేనే పవర్ వస్తుంది. వాడుకోకపోతే ఇంజన్ కాస్త చల్లగా, కాస్త మందకొడిగా నడుస్తుంది, అంతే.

ముందుగా చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైనది ఈసీయూ లాగ్. మూడో గేర్‌లో, ఖాళీ ట్రాక్ మీద గానీ డైనో (కారును ఒకచోట నిలిపి పవర్ కొలిచే యంత్రం) మీద గానీ ఫుల్ థ్రాటిల్ ఇచ్చి మూడు వరసలు రికార్డు చేయండి: లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, ఇగ్నిషన్ టైమింగ్, నాక్ వల్ల ఈసీయూ వెనక్కి లాగిన డిగ్రీలు. ఉదాహరణకు, పరుగు మొదట్లో గాలి 35 డిగ్రీలుండి చివరికి 65కు చేరిందనుకుందాం. అదే సమయంలో ఈసీయూ టైమింగ్‌ను నాలుగైదు డిగ్రీలు వెనక్కి లాగిందనుకుందాం. అప్పుడు మీ ఇంజన్‌ను వేడే ఆపుతోంది. ఉష్ణోగ్రత పెద్దగా కదలకుండా, నాక్ వరస సున్నా దగ్గరే ఉంటే, నీళ్ల గురించి ఆలోచన అక్కడితో ఆపేయొచ్చు.

రెండోది, ఈసీయూను మళ్లీ ట్యూన్ చేయడం కుదురుతుందా అన్నది. కుదరకపోతే లాభం చాలావరకు పోయినట్టే. కొన్ని కొత్త కార్ల ఈసీయూలు నాకింగ్ లేకపోతే టైమింగ్‌ను కొంతవరకు తమంతట తామే ముందుకు జరుపుతాయి. వాటిలో మాత్రం ట్యూనింగ్ లేకుండా కూడా వేడి రోజుల్లో పోయిన పవర్ కొంత తిరిగొస్తుంది.

మూడోదాన్ని చాలామంది చివరికి వదిలేస్తారు, నేనైతే అక్కడే మొదలుపెడతాను: నీళ్లు అయిపోతే ఏమవుతుంది? పంపు ఆగిపోవచ్చు, నీళ్లు చల్లే నాజిల్ మూసుకుపోవచ్చు, ట్యాంకు ఖాళీ కావచ్చు. నీళ్లు ఉన్నాయన్న ధైర్యంతో పెంచిన బూస్ట్, నీళ్లు లేని క్షణంలో ఇంజన్‌ను చంపుతుంది.

ఇక ఫుల్ థ్రాటిల్ ఎంత తరచుగా తొక్కుతారు, ట్యాంకు నింపే ఓపిక ఉందా, బండి వారంటీలో ఉందా అన్నవి. వాటికి జవాబు ఎవరికి వాళ్లే చెప్పుకోగలరు.

టర్బో ఇంజన్లలో

టర్బో గాలిని కుదించే కొద్దీ అది వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని 1 బార్ బూస్ట్‌కు కుదిస్తే టర్బో నుంచి బయటికొచ్చేసరికి దాదాపు 120 డిగ్రీలు దాటుతుంది. టర్బో తర్వాత గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ అందులో చాలా వేడి తీసేస్తుంది కానీ, వరసగా నాలుగైదు సార్లు గట్టిగా తొక్కితే ఇంటర్‌కూలరే వేడెక్కిపోతుంది. నీళ్లకు సరిగ్గా సరిపోయే చోటు ఇదే. గాలి వేడిగా, పొడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. ఆపాల్సిన నాకింగ్ కూడా ఉంది.

చిన్న లెక్క వేద్దాం. 300 హార్స్‌పవర్ ఇచ్చే టర్బో పెట్రోల్ ఇంజన్ ఫుల్ థ్రాటిల్‌లో నిమిషానికి సుమారు 1.2 కిలోల పెట్రోల్, 14 కిలోల గాలి తీసుకుంటుంది. నీళ్లను పెట్రోల్ బరువులో 10 నుంచి 25 శాతం దాకా పంపడం మామూలు. 15 శాతం అనుకుంటే నిమిషానికి 180 మిల్లీలీటర్లు. ఆ నీళ్లన్నీ సిలిండర్‌కు చేరకముందే ఆవిరైతే గాలి దాదాపు 30 డిగ్రీలు చల్లబడాలి. నిజమైన ఇంజన్‌లో అంత టైము దొరకదు. కొంత దారిలో ఆవిరవుతుంది, మిగతాది సిలిండర్‌లో కంప్రెషన్ జరుగుతుండగా ఆవిరవుతుంది. నాకింగ్ ఆపేది ఎక్కువగా ఈ రెండో భాగమే. కాబట్టి గాలి ఉష్ణోగ్రత సెన్సర్‌లో పెద్ద తేడా కనిపించలేదని నిరుత్సాహపడొద్దు, టైమింగ్ వరస చూడండి. ఇదే లెక్కన 5 లీటర్ల ట్యాంకు ఆగకుండా తొక్కితే అరగంట కూడా రాదు. రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో అయితే నెలల తరబడి వస్తుంది, ఎందుకంటే బూస్ట్ ఒక స్థాయి దాటితేనే పంపు తిరుగుతుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పి-47 థండర్‌బోల్ట్ లాంటి యుద్ధ విమానాలు కొద్ది నిమిషాల అదనపు పవర్ కోసం దీన్నే వాడాయి. కార్లలో 1962 నాటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కథ ఇప్పటికీ పనికొచ్చే పాఠం. 3.5 లీటర్ల వి8, కంప్రెషన్ (సిలిండర్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందన్న నిష్పత్తి) 10.25:1, దానిమీద టర్బో. ఆ రోజుల పెట్రోల్‌తో అది నాక్ కాకుండా నడవాలంటే నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవం తప్పనిసరి. ద్రవం అయిపోతే బూస్ట్ తగ్గించే ఏర్పాటు కూడా కంపెనీ పెట్టింది. అయినా చాలామంది యజమానులు ట్యాంకు నింపడమే మానేశారు. పవర్ తగ్గిందని ఫిర్యాదులు వచ్చాయి. రెండేళ్లకే మోడల్ ఆగిపోయింది. తర్వాత చాలా కార్లకు టర్బో తీసేసి మామూలు కార్బ్యురేటర్ పెట్టారు. సాంకేతికంగా తప్పేమీ లేదు. వాడేవాళ్లు నింపుతారన్న నమ్మకం మీద కట్టిన డిజైన్ అది.

2016లో బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ బాష్ కంపెనీ సిస్టమ్‌తో వచ్చింది. మామూలు ఎం4లో 431 హార్స్‌పవర్ ఇచ్చే 3 లీటర్ల ఇంజన్ ఇందులో 500 ఇచ్చింది. డిక్కీలో 5 లీటర్ల నీళ్ల ట్యాంకు. నీళ్లు అయిపోతే ఈసీయూ బూస్ట్, టైమింగ్ తగ్గించేస్తుంది. ఇంజన్ ఆపగానే పైపుల్లో మిగిలిన నీళ్లు ట్యాంకులోకి వెనక్కి వెళ్లిపోతాయి, గడ్డకట్టి పైపులు పగలకుండా. కిట్ కొనేవాళ్లు దీన్ని కొలబద్దగా పెట్టుకోవాలి. మీరు చూస్తున్న కిట్ ఇందులో ఎన్ని పనులు చేయగలదో చూడండి.

ఇప్పుడు టర్బో వాళ్లలోనే తేడాలు. కంపెనీ ఇచ్చిన బూస్ట్‌తోనే నడుపుతూ, ట్యూన్ చేసే ఆలోచన లేకపోతే లాభం తక్కువ. ఎండల్లో, ఎత్తు ఎక్కేటప్పుడు పోయే పవర్‌ను కాపాడుకోవడం వరకే. బూస్ట్ పెంచి ట్యూన్ చేసిన కారు, అందులోనూ పెట్రోల్‌ను ఇన్‌టేక్ పోర్టులో చల్లే పాత తరం ఇంజన్ అయితే, నీళ్లతో అత్యధికంగా లాభపడేది అదే. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో పెట్రోల్ సిలిండర్ లోపలే ఆవిరై కొంత చల్లదనం ఇస్తుంది కాబట్టి నీళ్ల వాటా కాస్త తగ్గుతుంది, పోదు. ఎం4 జీటీఎస్ కూడా డైరెక్ట్ ఇంజెక్షనే.

డీజిల్ టర్బో సంగతి వేరు. అక్కడ పెట్రోల్ ఇంజన్‌లో లాంటి నాకింగ్ సమస్య లేదు. నీళ్లు ఎగ్జాస్ట్ వేడిని, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గిస్తాయి. బరువులు లాగే బండ్లకు అది పనికొచ్చే విషయమే.

టర్బో లేని ఇంజన్లలో

ఎన్ఏ ఇంజన్‌లోకి వెళ్లే గాలి బయటి గాలి కంటే కొద్దిగానే వేడిగా ఉంటుంది. ఆవిరి చేయడానికి వేడే తక్కువ. పైగా బయట ఉక్కపోతగా ఉన్న రోజు ఆ గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, ఇంకా నీళ్లు ఆవిరయ్యే చోటు మిగలదు. అదృష్టం బాగుండి గాలి 10 డిగ్రీలు చల్లబడినా సాంద్రత పెరిగేది 3 శాతమే. అందులోనూ కొంత చోటును నీటి ఆవిరే ఆక్రమిస్తుంది. చివరికి చేతికి మిగిలేది చాలా తక్కువ.

కంప్రెషన్ 9 లేదా 10:1 ఉండి, కంపెనీ చెప్పిన ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఉన్న పెట్రోల్ వాడుతున్న మామూలు ఎన్ఏ ఇంజన్ నాకింగ్ అంచుకు చాలా దూరంగా ఉంటుంది. అందులో నీళ్లు చల్లితే మంట వేగం తగ్గుతుంది, పవర్ కొంచెం పడుతుంది. ఎక్కువైతే మిస్‌ఫైర్ అవుతుంది. ఇలాంటి కారుకు కిట్ కొనడం నూటికి నూరుపాళ్లు దండగ. ఆ డబ్బు మంచి టైర్లకో బ్రేకులకో పెట్టండి.

మినహాయింపులు ఉన్నాయి. రేసింగ్ కోసం కంప్రెషన్‌ను 12, 13:1కు పెంచి కట్టిన ఇంజన్, కానీ దానికి తగ్గ ఆక్టేన్ దొరకదు. అప్పుడు టైమింగ్ వెనక్కి లాగి నడపాల్సి వస్తుంది. నీళ్లు ఆ టైమింగ్‌ను తిరిగి ఇవ్వగలవు. ఇక్కడ కూడా కంప్రెషన్ తగ్గించుకోవడమో, ఇథనాల్ ఎక్కువ కలిసిన పెట్రోల్‌కు ట్యూన్ చేయడమో తేలికైన దారి అవుతుందేమో ముందు చూడాలి. రెండోది, పాత కార్బ్యురేటర్ ఇంజన్ ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని కొట్టుకోవడం. నీళ్లతో అది ఆగిపోతుంది, నిజమే. కానీ ఆ చప్పుడుకు కారణం సిలిండర్‌లో పేరుకున్న కార్బనో, తప్పు టైమింగో, మూసుకుపోయిన రేడియేటరో అయ్యుంటుంది. జబ్బును వదిలేసి నొప్పి మాత్ర వేసుకున్నట్టు కాకుండా వాటిని సరిచేయండి.

కంపెనీయే 13, 14:1 కంప్రెషన్‌తో అమ్మే కొత్త ఎన్ఏ ఇంజన్లు డైరెక్ట్ ఇంజెక్షన్, వాల్వ్ టైమింగ్‌లతో నాకింగ్‌ను ముందే చూసుకుంటాయి. వాటిలో వేలు పెట్టకపోవడమే మంచిది.

| చూసే విషయం | టర్బో, బూస్ట్ పెంచినది | టర్బో, కంపెనీ సెట్టింగ్ | ఎన్ఏ, మామూలు కంప్రెషన్ | ఎన్ఏ, ఎక్కువ కంప్రెషన్ |
|---|---|---|---|---|
| ఇంజన్‌ను ఆపేది | వేడి, నాకింగ్ | వేడి రోజుల్లో నాకింగ్ | గాలి చాలకపోవడం | నాకింగ్ |
| పవర్ లాభం | ట్యూన్ చేస్తే బాగా ఎక్కువ | కొద్దిగా | లేదు, తగ్గొచ్చు కూడా | ట్యూన్ చేస్తే కొంత |
| ట్యూనింగ్ | తప్పనిసరి | ఉంటే మంచిది | చేసినా ఫలితం లేదు | తప్పనిసరి |
| నీళ్లు ఆగిపోతే ప్రమాదం | చాలా ఎక్కువ | తక్కువ | దాదాపు లేదు | ఎక్కువ |
| ముందు ప్రయత్నించాల్సింది | పెద్ద ఇంటర్‌కూలర్ | మంచి ఆక్టేన్ పెట్రోల్ | సర్వీసింగ్ | ఆక్టేన్, ఇథనాల్ |

ఉత్త నీళ్లా, మిథనాల్ కలిపా?

వేడి లాక్కోవడంలో ఉత్త నీళ్లదే పైచేయి. మంట అంటుకోదు, విషం కాదు, ఎక్కడైనా దొరుకుతుంది. డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్ నీళ్లే వాడాలి. కుళాయి నీళ్లలోని ఉప్పు నాజిల్‌లో, ఇన్‌టేక్‌లో తెల్లగా పేరుకుపోతుంది. చలి ప్రాంతాల్లో గడ్డకట్టడం దీని పెద్ద లోపం.

సగం నీళ్లు, సగం మిథనాల్ కలిపితే మైనస్ 40 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మిథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, పైగా అదీ ఇంధనమే కాబట్టి పవర్ ఇంకా పెరుగుతుంది. చాలామంది ట్యూనర్లు ఇష్టపడేది దీన్నే. కానీ దానివల్లే ఒక చిక్కు వస్తుంది. మిథనాల్ ఇంధనం కావడంతో ట్యూనర్ ఆ మేరకు పెట్రోల్ తగ్గిస్తాడు. ఇప్పుడు పంపు ఆగిందంటే చల్లదనం పోవడంతో పాటు ఇంధనమూ తక్కువ పడుతుంది. ఉత్త నీళ్లు ఆగిపోవడం కంటే ఇది రెండింతల దెబ్బ. మొదటిసారి కిట్ పెట్టుకునేవాళ్లకు నా సలహా ఉత్త నీళ్లే. గడ్డకట్టే చలి ఉంటేనో, పోటీల కోసం చివరి హార్స్‌పవర్ కూడా కావాలంటేనో మిశ్రమానికి వెళ్లండి.

మిథనాల్ చేతికి తగిలినా, ఆవిరి పీల్చినా ఒంట్లోకి చేరుతుంది. కొద్దిగా లోపలికి పోయినా చూపు పోయే ప్రమాదముంది. దాని మంట పగటి వెలుతురులో సరిగా కనిపించదు కూడా. సగం కలిపిన మిశ్రమానికీ నిప్పు అంటుకుంటుంది. కాబట్టి దాని ట్యాంకు, పైపులు కారు లోపల మనుషులు కూర్చునే చోట ఉండకూడదు. అల్యూమినియాన్ని, కొన్ని రకాల రబ్బరును అది తినేస్తుంది, సీల్స్ దానికి తగినవేనా అని అడిగి తెలుసుకోండి. అద్దాలు తుడిచే వాషర్ ద్రవం పోయొచ్చా అని చాలామంది అడుగుతారు. అందులో సబ్బు, రంగు ఉంటాయి. వద్దు.

బిగించేటప్పుడు

నాజిల్ ఇంటర్‌కూలర్ తర్వాత, థ్రాటిల్‌కు కాస్త ముందు ఉండాలి. ఇంటర్‌కూలర్‌కు ముందు పెడితే నీళ్లు దాని గొట్టాల్లో చేరి, ఒక్కసారిగా గడగడా ఇంజన్‌లోకి వెళ్లే ప్రమాదముంది. టర్బోకు ముందు పెడితే వేగంగా తిరిగే రెక్కలకు నీటి చుక్కలు తగిలి అంచులు అరిగిపోతాయి. నాజిల్ దగ్గర సోలనాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వ్) తప్పనిసరి. అది లేకపోతే థ్రాటిల్ వదిలినప్పుడు ఇన్‌టేక్‌లో ఏర్పడే వాక్యూమ్ ట్యాంకులోని నీళ్లను పీల్చేస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు సిలిండర్‌లో నీళ్లు నిండితే, స్టార్ట్ చేయగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకే ట్యాంకు నాజిల్ కంటే ఎత్తులో ఉండకపోవడం మంచిది.

చవక కిట్లలో బూస్ట్ ఒక స్థాయి దాటగానే పంపు ఒకేసారి పూర్తిగా తిరుగుతుంది. తక్కువ ఆర్‌పీఎమ్‌లో అది ఎక్కువ నీళ్లు, ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో తక్కువ నీళ్లు అవుతుంది. బూస్ట్‌ను బట్టి పంపును పెంచేవి మెరుగు. ఇంజన్ ఎంత పెట్రోల్ తీసుకుంటుందో దాన్ని బట్టి నడిచేవి ఇంకా మెరుగు. అయితే డబ్బు ఎక్కడైనా తగ్గించాలంటే ఈ కంట్రోలర్‌లో తగ్గించండి, ఫ్లో సెన్సర్‌లో వద్దు. ట్యాంకులో నీళ్లున్నాయని చెప్పే లైటు ఒక్కటే సరిపోదు. నాజిల్ మూసుకుపోతే ట్యాంకు నిండుగానే ఉంటుంది, లైటు పచ్చగానే ఉంటుంది. నీళ్లు నిజంగా ప్రవహిస్తున్నాయా అని కొలిచి, ప్రవాహం తగ్గగానే బూస్ట్ తెగ్గొట్టే ఏర్పాటు లేకపోతే బూస్ట్ పెంచకండి. గాలిలో దీపం పెట్టినట్టే అవుతుంది.

నీళ్లకు బదులు ఇంకేం చేయొచ్చు?

ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ అన్నిటికంటే సులువు. విడి భాగాలేమీ అక్కర్లేదు, చెడిపోయేదీ లేదు. పెద్ద ఇంటర్‌కూలర్ ఒకసారి పెడితే నింపే పని లేదు, ఆగిపోయే పంపు లేదు. రోజువారీ టర్బో కారుకు నేను మొదట చెప్పేది ఇదే. ఇథనాల్ ఎక్కువగా ఉండే పెట్రోల్ దొరికే చోట అది చాలా బలమైన పోటీదారు. చల్లదనం, ఆక్టేన్ రెండూ ఇంధనంలోనే వస్తాయి. కానీ ఇంజెక్టర్లు, పంపు పెద్దవి కావాలి, మైలేజీ తగ్గుతుంది. ఈ మూడూ చేశాక కూడా లాగ్‌లో నాకింగ్ కనిపిస్తుంటే, లేదా ఇంటర్‌కూలర్ పెంచడానికి బండి ముందు చోటు లేకపోతే, అప్పుడు నీళ్లు.

ట్రాక్ మీద వారాంతాలు గడిపేవాళ్లకు వాటర్ ఇంజెక్షన్ నిజంగా విలువైనది. ప్రతి సెషన్ ముందు బండి చూసుకునే అలవాటు వాళ్లకు ఎలాగూ ఉంటుంది. రోజూ ఆఫీసుకు టర్బో కారు నడిపేవాళ్లు, ట్యాంకు నింపడం మర్చిపోతామనుకుంటే, నీళ్లను భద్రత కోసమే వాడండి. నీళ్లు లేకపోయినా ఇంజన్ తట్టుకునేంత బూస్ట్‌తోనే ట్యూన్ చేయించి, నీళ్లను అదనపు రక్షణగా ఉంచుకోండి. పవర్ కొంచెం తక్కువ దొరుకుతుంది. పంపు ఆగిన రోజు ఇంజన్ మిగులుతుంది.

కిట్ బిగించాక నెలకోసారి ఒక పని చేయండి. నాజిల్ విప్పి గాజు సీసాలోకి వంచి, పంపును చేత్తో ఆన్ చేయండి. పొగమంచులా సన్నగా, గొడుగు ఆకారంలో చల్లితే సరే. ఒక పక్కకు వంకరగా వెళ్తున్నా, చుక్కలు చుక్కలుగా కారుతున్నా లోపలి ఫిల్టర్ మూసుకుంటోంది. పంపు ఆపాక కూడా నాజిల్ కొనకు చుక్క వేలాడుతూ పెరుగుతుంటే సోలనాయిడ్ సరిగా మూసుకోవడం లేదని అర్థం, దాన్ని మార్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు. తర్వాత ఫ్లో సెన్సర్ వైరు పీకేసి నెమ్మదిగా బూస్ట్ ఎక్కించండి. బూస్ట్ వెంటనే తెగిపోవాలి. తెగలేదంటే, అది సరయ్యేదాకా పాత మ్యాప్‌కు (బూస్ట్ పెంచకముందు ఉన్న ఈసీయూ సెట్టింగ్‌కు) వెళ్లిపోండి.